రాత్రి నూరు, తెల్లారితే డెబ్బై: ఫోన్ బ్యాటరీపై మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: రాత్రి పదింటికి నూరు శాతం ఛార్జింగ్‌తో ఫోన్ పక్కన పెట్టి పడుకుంటే, తెల్లారి ఆరింటికి 72 చూపిస్తోంది. ఫోన్ కొని ఏడాది కూడా కాలేదండీ. బ్యాటరీ 5000 ఎంఏహెచ్. షాపులో అడిగితే బ్యాటరీ పోయింది, మార్చేద్దాం అంటున్నారు. మార్పించమంటారా?
ఉపాధ్యాయుడు, నర్సీపట్నం

జవాబు: ఇప్పుడే మార్పించకండి మాస్టారూ. ముందు చిన్న లెక్క వేద్దాం. 5000లో 28 శాతమంటే 1400 ఎంఏహెచ్. దాన్ని ఎనిమిది గంటలకు పంచితే గంటకు 175, అంటే ఫోన్ లాగుతున్నది సగటున 175 మిల్లీ ఆంపియర్లు. స్క్రీన్ ఆరిపోయి నిద్రపోతున్న ఫోన్ సగటున ఇరవై నుంచి నలభై మిల్లీ ఆంపియర్లకు మించి లాగకూడదు. సిమ్ములు, వైఫై ఆన్‌లోనే ఉన్నా రాత్రి మొత్తానికి 3 నుంచి 6 శాతం పోవడం మామూలు. మీ ఫోన్ దానికి ఎన్నో రెట్లు లాగుతోందంటే, స్క్రీన్ ఆరినా లోపల ప్రాసెసర్ నిద్రపోవడం లేదన్నమాట.

ఇందులో బ్యాటరీ తప్పేమీ కనిపించడం లేదు. బ్యాటరీ ముసలిదైతే పగలూ రాత్రీ ఒకే నిష్పత్తిలో నష్టం కనిపిస్తుంది. 5000ది అరిగి 4000కు దిగిందనుకున్నా, రాత్రి 5 శాతం పోవలసిన చోట 6 శాతం పోతుంది తప్ప 28 పోదు. కొత్త బ్యాటరీ వేసినా రాత్రికి ఇంతే కారుతుంది.

ఏది తింటోందో పట్టుకోవడానికి మూడు రాత్రులు చాలు. మొదటి రాత్రి ఫుల్ ఛార్జ్ చేసి, ఏరోప్లేన్ మోడ్ పెట్టి, వైఫై, బ్లూటూత్ కూడా ఆపేసి పడుకోండి. అలారం మోగుతుంది, కాల్స్ మాత్రం రావు. అర్ధరాత్రి ఫోన్లు రావలసిన ఇల్లయితే ఇదే పరీక్ష సెలవు రోజు పగలు నాలుగైదు గంటలు చేసుకోండి. రెండో రాత్రి ఏరోప్లేన్ మోడ్ తీసేసి, సిమ్ములు ఆన్‌లో ఉంచి, మొబైల్ డేటా, వైఫై ఆపండి. మూడో రాత్రి అన్నీ మామూలుగా వదిలేయండి. మూడు రోజులూ పడుకునేటప్పటి అంకె, లేచేటప్పటి అంకె కాగితం మీద రాసుకోండి. బుర్రలో పెట్టుకుంటే కలిసిపోతాయి.

మొదటి రాత్రి 1 లేదా 2 శాతమే పోయి, రెండో రాత్రి ఎక్కువ పోతే దోషం సిగ్నల్‌ది. దాని సంగతి కింది జవాబులో ఉంది. మూడో రాత్రి మాత్రమే పోతే ఇంటర్నెట్ వాడుకునే యాప్‌ది. సెట్టింగ్స్‌లో బ్యాటరీ, అందులో బ్యాటరీ యూసేజ్ తెరవండి. అక్కడ శాతాల వరుస చూసి పై పేరును దోషిగా తేల్చకండి. మూడు గంటలు యూట్యూబ్ చూస్తే యూట్యూబ్ పైన ఉండడం న్యాయమే. ఒక్కో పేరు నొక్కితే స్క్రీన్ మీద ఎంతసేపు, బ్యాక్‌గ్రౌండ్‌లో ఎంతసేపు నడిచిందో విడిగా కనిపిస్తుంది. మీరు ఐదు నిమిషాలు తెరిచిన యాప్ బ్యాక్‌గ్రౌండ్‌లో ఆరు గంటలు నడిచి ఉంటే అదే దొంగ. యాప్ ఇన్ఫోలో బ్యాటరీ దగ్గర దాన్ని రిస్ట్రిక్టెడ్‌లో పెట్టండి. సామ్‌సంగ్ అయితే డీప్ స్లీపింగ్ యాప్స్ జాబితాలో వేయండి. వాట్సాప్‌ను మాత్రం ఇలా కట్టేయకండి, మెసేజీలు ఆలస్యంగా వస్తాయి.

జాబితాలో గూగుల్ ప్లే సర్వీసెస్ ఎక్కువ తిన్నట్టు కనిపిస్తే అది ఒక్కటే చేసిన పని కాదు. వేరే యాప్‌లు లొకేషన్ అడిగినప్పుడల్లా తెచ్చి ఇచ్చేది అదే, అందుకని ఆ ఖర్చు దాని పద్దులో పడుతుంది. సెట్టింగ్స్, లొకేషన్, యాప్ పర్మిషన్స్‌కు వెళ్తే 'అన్ని వేళలా' అనుమతి ఉన్న యాప్‌ల వరుస ఉంటుంది. తిండి తెచ్చే యాప్‌కూ, షాపింగ్ యాప్‌కూ రాత్రి రెండింటికి మీరెక్కడున్నారో తెలియాల్సిన పని లేదు. అలాంటి వాటన్నిటినీ 'వాడేటప్పుడు మాత్రమే'కు మార్చండి. పాస్‌వర్డ్ మార్చి ఫోన్‌లో మళ్లీ లాగిన్ కాని ఈమెయిల్ ఖాతా ఉన్నా ఇదే గొడవ. అది సింక్ కోసం తలుపు తడుతూనే ఉంటుంది. జాబితాలో మీడియా స్టోరేజ్ పైన కనిపిస్తే మెమరీ కార్డును ఒక రాత్రి బయటికి తీసి చూడండి. కార్డు పాడైతే ఫోన్ దాన్నే మళ్లీ మళ్లీ చదువుతూ కూర్చుంటుంది.

ఇక మొదటి రాత్రి, అంటే అన్నీ ఆపిన రాత్రి కూడా 15, 20 శాతం పోతే సేఫ్ మోడ్‌లో పెట్టి చూడండి. చాలా ఫోన్లలో పవర్ ఆఫ్ అనే గుర్తును వేలు తీయకుండా నొక్కి పట్టుకుంటే సేఫ్ మోడ్ అని అడుగుతుంది. కొన్నింట్లో ఫోన్ ఆన్ అవుతున్నప్పుడు వాల్యూమ్ డౌన్ పట్టుకోవాలి. అందులో మీరు వేసుకున్న యాప్‌లేవీ నడవవు. అక్కడ కారడం ఆగితే దొంగ మీరు వేసిన యాపే, ఈ మధ్య వేసినవి ఒక్కొక్కటీ తీసి చూడండి. సేఫ్ మోడ్‌లోనూ కారితేనే లోపలి బోర్డును అనుమానించాలి. మళ్లీ ఫుల్ ఛార్జ్ చేసి, ఈసారి ఫోన్ స్విచాఫ్ చేసి పన్నెండు గంటలు వదిలేయండి. తిరిగి ఆన్ చేశాక 98, 99 ఉండాలి. అప్పుడూ 90కి దిగితే మెకానిక్ దగ్గరికి వెళ్లి, 'స్విచాఫ్‌లో కూడా కారుతోంది' అన్న మాట కచ్చితంగా చెప్పండి. ఆ ఒక్క మాటతో అతని పని సగం తగ్గుతుంది.


ప్రశ్న: నేను ఏఎన్ఎంగా చేస్తున్నాను. పీహెచ్‌సీలో ఉన్న రోజు సాయంత్రానికి కూడా సగం ఛార్జింగ్ ఉంటుంది. కొండ మీది ఊళ్లకు వెళ్లిన రోజు ఫోన్ బ్యాగులోంచి తీయకపోయినా మధ్యాహ్నానికి 15 శాతమే. అక్కడ వివరాలు ఎక్కించాలి, ఫొటోలు తీయాలి. ఏం చేయను?
పాడేరు ఏజెన్సీ

జవాబు: ఫోన్ బ్యాగులో ఉన్నా ఊరుకోవడం లేదమ్మా, అవతలి కొండ మీదున్న టవర్‌ను కేకేసి పిలుస్తోంది. పక్క గదిలో మనిషితో మాట్లాడడానికీ, పొలం అవతలి గట్టు మీద మనిషిని పిలవడానికీ గొంతులో ఎంత తేడా ఉంటుందో ఇక్కడా అంతే. 4జీలో ఫోన్ గరిష్ఠంగా 200 మిల్లీవాట్ల శక్తితో ప్రసారం చేయగలదు. టవర్ దగ్గరుంటే అందులో వందో వంతు కూడా అక్కర్లేదు. పైగా ఆ 200 మిల్లీవాట్లు యాంటెనా దాకా చేరడానికి లోపలి ఆంప్లిఫయర్ బ్యాటరీ నుంచి దానికి కొన్ని రెట్లు తీసుకుంటుంది. సిగ్నల్ అసలే లేని చోట ఇంకో బాధ. ఏ బ్యాండ్‌లోనైనా టవర్ దొరుకుతుందేమోనని అన్నీ వెతుకుతూ తిరుగుతుంది. రెండు సిమ్ములుంటే ఇద్దరు వెతుకుతారు.

గీతలను నమ్మకండి, అంకె చూడండి. సెట్టింగ్స్, అబౌట్ ఫోన్, స్టేటస్, సిమ్ స్టేటస్‌లో సిగ్నల్ స్ట్రెంగ్త్ అని మైనస్ గుర్తుతో డీబీఎం అంకె ఉంటుంది. మైనస్ 85 అంటే హాయిగా ఉన్నట్టు. మైనస్ 100 ఫరవాలేదు. మైనస్ 115 దాటితే ఫోన్ గొంతు చించుకుంటోందని అర్థం. మైనస్ కాబట్టి అంకె పెరిగేకొద్దీ సిగ్నల్ తగ్గినట్టు, తికమక పడకండి.

ఘాట్ ఎక్కేటప్పుడే ఏరోప్లేన్ మోడ్ పెట్టేయండి. ఊళ్లోకి వెళ్లాక అవసరమైనప్పుడు తీసి, కాల్ చేసుకుని మళ్లీ పెట్టండి. మీకిది అన్నిటికన్నా పెద్ద పొదుపు. కెమెరాకు సిగ్నల్‌తో పని లేదు. జీపీఎస్ కూడా చాలా ఫోన్లలో ఏరోప్లేన్ మోడ్‌లో పని చేస్తుంది, ఎందుకంటే అది ఉపగ్రహాల మాట వినడమే తప్ప తిరిగి ఏమీ పంపదు. నెట్ సాయం లేదు కాబట్టి స్థానం దొరకడానికి ఒకటి రెండు నిమిషాలు పట్టవచ్చు. ఆరుబయట నిలబడి చూడండి, రేకుల షెడ్డు కింద కాదు. మీ యాప్‌లో ఆఫ్‌లైన్‌గా నింపే వీలుంటే అక్కడ నింపుకుని, కిందికి దిగాక ఒకేసారి సింక్ చేయండి. సిగ్నల్ లేని చోట అప్‌లోడ్ నొక్కి వదిలేస్తే అది పూర్తికాక, మళ్లీ మొదలుపెడుతూ బ్యాటరీని ఊడ్చేస్తుంది.

ఆ ఊళ్లలో ఏ కంపెనీ టవర్ ఉందో చూసి, రెండో సిమ్‌ను సిమ్ సెట్టింగ్స్‌లో ఆపేయండి. 5జీ లేని చోట ప్రిఫర్డ్ నెట్‌వర్క్‌ను 4జీకి మార్చండి. 4జీ వస్తూ పోతూ ఉండి 2జీ నిలకడగా ఉంటే కాల్స్ కోసం 2జీలో పెట్టుకోవచ్చు. జియో సిమ్‌కు ఈ కిటుకు పనికిరాదు, దానికి 2జీ లేదు.


ప్రశ్న: 30 శాతం ఉండగానే ఫోన్ టక్కున ఆగిపోతోంది. ఎక్కువగా ఫొటో తీసేటప్పుడు. ఛార్జర్ పెట్టగానే మళ్లీ 28 చూపిస్తుంది. ఫోన్ కొని మూడున్నరేళ్లయింది.
గృహిణి, తెనాలి

జవాబు: మీది మాత్రం బ్యాటరీయే. మార్పించండి.

బోరు మోటారు వేయగానే ఇంట్లో బల్బు ఒక్క క్షణం మసకబారుతుంది చూశారా, అదే ఇక్కడ జరుగుతోంది. బ్యాటరీ పాతబడేకొద్దీ దాని లోపలి నిరోధం పెరుగుతుంది. కెమెరా, ఫ్లాష్, ప్రాసెసర్ ఒక్కసారిగా రెండు మూడు ఆంపియర్లు అడిగినప్పుడు వోల్టేజీ కుంగుతుంది. ఉదాహరణకు లోపలి నిరోధం 0.2 ఓమ్‌కు పెరిగిందనుకోండి. 2.5 ఆంపియర్లు లాగితే అర వోల్టు లోపలే పోతుంది. 3.6 వోల్టులు ఉన్నది 3.1కి పడుతుంది. ఫోన్ దాన్ని ఖాళీ బ్యాటరీ అనుకుని ఆగిపోతుంది. భారం తీసేయగానే వోల్టేజీ లేస్తుంది, అందుకే మళ్లీ 28. యాపిల్ 2017 డిసెంబరులో పాత ఐఫోన్ల వేగం తామే తగ్గిస్తున్నామని ఒప్పుకుంది, అది ఈ కుంగుడుకు ఫోన్ ఆగిపోకుండా ఉండడానికేనని చెప్పింది.

నూరు నుంచి సున్నాకు, సున్నా నుంచి నూరుకు ఒకసారి చేస్తే మీటర్ లెక్క సరిపడుతుందేమో గానీ అరిగిన బ్యాటరీ తిరిగి బాగుపడదు. పదే పదే సున్నాకు దించితే ఇంకా త్వరగా అరుగుతుంది.

మార్పించేటప్పుడు పాత బ్యాటరీ మీద రాసిన మోడల్ నంబరు, వోల్టులు, వాట్ అవర్లు (ఎంఏహెచ్‌ను వోల్టులతో గుణించి వెయ్యితో భాగిస్తే వచ్చే అంకె) కొత్తదానితో పోల్చి చూడండి. 4000 ఎంఏహెచ్, 3.85 వోల్టులది అయితే 15.4 వాట్ అవర్లు ఉండాలి. అదే కొలతలో ఇమిడే బ్యాటరీ మీద ఏకంగా 6000 అని అచ్చువేసి ఉంటే తిరిగి ఇచ్చేయండి. పెట్టె పెద్దది కాకుండా బియ్యం పెరగవు. బిల్లు మీద వారంటీ నెలలు రాయించుకోండి. నీళ్లు తగిలినా ఫరవాలేదని చెప్పి అమ్మిన ఫోనైతే, ఒకసారి వెనక అద్దం ఊడదీశాక ఆ రక్షణ పోయినట్టే అనుకోవాలి.


ప్రశ్న: బైక్ మీద డెలివరీ చేస్తాను. ఎండాకాలంలో బండి యూఎస్‌బీకి పెట్టినా ఛార్జింగ్ ఎక్కదు సరికదా, తగ్గుతుంది. ఒక్కోసారి వేడెక్కింది, ఛార్జింగ్ ఆపేశాం అని వస్తుంది.
విజయవాడ

జవాబు: బండి సాకెట్ మీద ఏం రాసి ఉందో చూడండి. చాలావాటి మీద 5 వోల్టులు, 1 ఆంపియర్ ఉంటుంది, అంటే 5 వాట్లు. ఎండలో వెలుగు నిండుగా పెట్టి, మ్యాప్ నడిపిస్తూ, డేటా వాడుతుంటే ఫోన్ ఖర్చే సుమారు ఐదు వాట్లు అవుతుంది. వచ్చింది వచ్చినట్టు పోతుంది, బ్యాటరీకి మిగిలేది లేదు. పైగా వేడి. ఫోన్‌ను 35 డిగ్రీల లోపు వాతావరణంలోనే వాడమని యాపిల్ సూచిస్తుంది. బెజవాడ మే నెలలో ఆ అంకె పొద్దున్నే దాటిపోతుంది. బ్యాటరీ వేడి 45 డిగ్రీల దరికి వస్తే ఛార్జింగ్ తగ్గించడమో ఆపడమో ఫోన్లు తమంతట తామే చేస్తాయి. అది లోపం కాదు, ప్రాణం కాపాడుకోవడం. వేడిలో బలవంతంగా ఛార్జ్ చేసిన ప్రతి వేసవీ బ్యాటరీ శక్తిని శాశ్వతంగా కొంత కోసుకుపోతుంది.

మీ చేతిలో ఉన్న పెద్ద మీట స్క్రీన్. దారి తెలిసిన ఏరియాలో స్క్రీన్ ఆర్పేసి ఫోన్ జేబులో పెట్టుకోండి. వాయిస్ ఆన్‌లో ఉంటే గూగుల్ మ్యాప్స్ మలుపులు స్పీకర్‌లోంచి చెబుతూనే ఉంటుంది. హోటల్ దగ్గర ఆర్డర్ కోసం నిలబడే ఇరవై నిమిషాలు 18 వాట్ల ఛార్జర్‌తో నీడలో పెడితే 6 వాట్ అవర్లు వస్తాయి. నష్టాలు పోను 5000 బ్యాటరీలో పావు వంతు నిండుతుంది. ఎండలో బండి మీద మూడు గంటలు పెట్టినదానికన్నా ఇదే ఎక్కువ. అప్పుడు వెనక కవర్ తీసేయండి. వేడెక్కిన ఫోన్‌ను ఫ్రిజ్‌లో, ఐస్ పెట్టెలో పెట్టేవాళ్లున్నారు. లోపల చెమ్మ పట్టి బోర్డు పోతుంది, వద్దు. ప్రశ్నలో లేని మాట ఒకటి: శక్తిమంతమైన ఇంజిన్ ఉన్న బైకుల హ్యాండిల్ అదురు ఐఫోన్ కెమెరాను పాడుచేయవచ్చని యాపిల్ 2021లో హెచ్చరించింది. ఫోన్ స్టాండ్ కింద రబ్బరు అదురు అడ్డు వేయించుకోండి.


ప్రశ్న: వాడిన యాప్‌లన్నీ వెంటనే స్వైప్ చేసి తీసేస్తాను. బ్యాటరీ సేవర్ యాప్ వేశాను. డార్క్ మోడ్ పెట్టాను. అయినా సాయంత్రానికి ఖాళీ. ఇంకేం చేయాలి?
బీటెక్ విద్యార్థి, వరంగల్

జవాబు: చేసిన మూడింట్లో రెండు మానేయాలి.

గంటకోసారి తెరిచే యాప్‌ను స్వైప్ చేసి తోసేయడమంటే, పొయ్యి మీద గోరువెచ్చగా ఉన్న నీళ్లు పారబోసి మళ్లీ చన్నీళ్లు కాచడమే. మెమరీలో ఊరికే కూర్చున్న యాప్ దాదాపు ఏమీ తినదు. మళ్లీ మొదటినుంచి తెరవడానికే ఎక్కువ ఖర్చు. 2015లో వచ్చిన ఆండ్రాయిడ్ 6 నుంచి డోజ్ అనే ఏర్పాటు ఉంది, ఫోన్ కదలకుండా ఉంటే యాప్‌లను అదే నిద్రపుచ్చుతుంది. బయటి సేవర్ యాప్ ఆ నిద్ర చెడగొడుతూ, మధ్యలో ప్రకటనలు తెచ్చుకుంటూ తానే తింటుంది. తీసేయండి.

డార్క్ మోడ్ ఉంచుకోండి, కానీ మీ స్క్రీన్ ఓలెడ్ లేదా ఆమోలెడ్ అయితేనే లాభం. ఎల్‌సీడీలో నలుపు వెనక కూడా దీపం వెలుగుతూనే ఉంటుంది. ఓలెడ్‌లో అయినా ఎంత? అమెరికాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయం వాళ్లు 2021లో కొలిస్తే, 30 నుంచి 50 శాతం వెలుగు దగ్గర ఆదా 3 నుంచి 9 శాతమే వచ్చింది. వెలుగు నూరు శాతం పెట్టినప్పుడు మాత్రం 39 నుంచి 47 శాతం. గదిలో కూర్చుని చదువుకునేవాళ్లకు వెలుగు తగ్గించడమే అసలు ఆదా. 120 హెర్ట్జ్ (సెకనుకు 120 సార్లు బొమ్మ మారే) స్క్రీన్‌ను 60కి మార్చి రెండు రోజులు చూడండి, తేడా తెలుస్తుంది. హాస్టల్ వైఫై బలహీనంగా ఉంటే మంచం దగ్గరకన్నా రౌటర్ వైపు కూర్చుని డౌన్‌లోడ్ చేసుకోండి.


ప్రశ్న: నెల రోజుల కిందట వాట్సాప్‌లో ట్రాఫిక్ చలానా అని ఒక ఫైల్ వస్తే నొక్కాను. ఏమీ తెరుచుకోలేదు. అప్పటినుంచి ఫోన్ ఊరికే వేడెక్కుతోంది, డేటా మధ్యాహ్నానికే అయిపోతోంది.
కర్నూలు

జవాబు: ఇది చదివిన వెంటనే మొబైల్ డేటా, వైఫై ఆపేయండి. బ్యాటరీ సంగతి తర్వాత. ఏపీకే అనే అక్షరాలతో ముగిసే ఆ ఫైలు చలానా కాదు, యాప్. చలానా పేరుతో, పీఎం కిసాన్ పేరుతో, పెళ్లి పత్రిక పేరుతో ఇవి తిరుగుతున్నాయి. ఎస్ఎంఎస్ చదివే అనుమతి తీసుకుని ఓటీపీలు బయటికి పంపడం వీటి పని. వేడీ, డేటా ఖర్చూ ఆ పని గుర్తులే కావచ్చు.

వేరే ఫోన్ నుంచి మీ బ్యాంకుకు చెప్పి నెట్ బ్యాంకింగ్, యూపీఐ ఆపించండి. డబ్బు పోయి ఉంటే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. తర్వాత ఫోన్‌ను సేఫ్ మోడ్‌లో తెరిచి, సెట్టింగ్స్ సెర్చ్‌లో డివైస్ అడ్మిన్ అని, యాక్సెసిబిలిటీ అని వెతికి, మీకు తెలియని పేరు ఆన్‌లో ఉంటే ఆపండి. అప్పుడే అన్‌ఇన్‌స్టాల్ కుదురుతుంది. గుర్తు లేకుండా, పేరు లేకుండా కూడా ఉండొచ్చు, యాప్‌ల జాబితా చివరిదాకా చూడండి. ఫొటోలు, ఫోన్ నంబర్లు కాపీ చేసుకుని ఫ్యాక్టరీ రీసెట్ చేయడం అన్నిటికన్నా క్షేమం. పాస్‌వర్డులు, పిన్‌లు రీసెట్ తర్వాతే మార్చండి, ముందు మారిస్తే కొత్తవి కూడా వాళ్లకు చేరతాయి.


ప్రశ్న: ఫోన్ వెనక మూత ఒక పక్క కొంచెం లేచింది. ఛార్జింగ్ కూడా త్వరగా పోతోంది. గమ్ పెట్టి అతికించమంటారా?
గుంటూరు

జవాబు: వద్దు. నొక్కకండి, ఛార్జింగ్ పెట్టకండి, స్విచాఫ్ చేయండి. లోపల రసాయనం విచ్ఛిన్నమై వాయువు చేరి బ్యాటరీ ఉబ్బింది. గుచ్చుకున్నా, వంగినా అంటుకోవచ్చు. మంచం, బీరువా, గ్యాస్ సిలిండర్ల దగ్గర కాకుండా గచ్చు మీదో ఇనప డబ్బాలోనో పెట్టి ఈరోజే సర్వీస్ సెంటర్‌కు తీసుకెళ్లండి. తీసిన బ్యాటరీని చెత్తబుట్టలో వేయకండి, వాళ్లకే వదిలేయండి. 2022 నాటి నిబంధనల ప్రకారం పాత బ్యాటరీలను తిరిగి సేకరించే బాధ్యత తయారీదారులదే.


ప్రశ్న: రాత్రంతా ఛార్జింగ్‌లో ఉంచితే బ్యాటరీ పాడవుతుందా?
నెల్లూరు

జవాబు: నూరు నిండగానే ఫోనే ఆపుకుంటుంది, పొంగిపోదు. కాకపోతే నిండు వోల్టేజీ దగ్గర గంటల తరబడి వేడిగా ఉండడం బ్యాటరీకి పడదు. సెట్టింగ్స్‌లో 80 శాతం దగ్గర ఆపే వీలుంటే వాడుకోండి. దిండు కింద పెట్టి మాత్రం ఛార్జ్ చేయకండి.


ప్రశ్న: 10,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంక్ కొన్నాను. నా ఫోన్ 5000. రెండుసార్లు నిండాలి కదా, ఒకటిన్నర సార్లు కూడా రావడం లేదు. మోసమా?
హైదరాబాద్

జవాబు: మోసం కాదు, అంకె ఏ వోల్టేజీ దగ్గరిదో చెప్పకపోవడం వల్ల వచ్చిన భ్రమ. ఆ 10,000 లోపలి సెల్లుల లెక్క, 3.7 వోల్టుల దగ్గర. అంటే 37 వాట్ అవర్లు. బయటికి 5 వోల్టులుగా మార్చేటప్పుడు సుమారు 15 శాతం వేడిగా పోతుంది, 31 మిగులుతాయి. మీ ఫోన్ బ్యాటరీ 5000 ఇంటూ 3.85, అంటే 19.25 వాట్ అవర్లు. ఛార్జింగ్ నష్టం కలిపితే ఒకసారి నింపడానికి 22 దాకా కావాలి. 31ని 22తో భాగిస్తే 1.4. మీకు వస్తున్నది సరిగ్గా అదే. పవర్ బ్యాంక్ వెనక చిన్న అక్షరాల్లో రేటెడ్ కెపాసిటీ అని 6000 చుట్టుపక్కల ఇంకో అంకె ఉంటుంది, కొనేటప్పుడు దాన్ని చూడాలి. విమానంలో దీన్ని చేతి సంచిలోనే ఉంచుకోవాలి, లగేజీలో వేయనివ్వరు.


ప్రశ్న: సెల్ రిపేర్ షాపులో పని నేర్చుకుంటున్నాను అన్నా. స్విచాఫ్‌లో కూడా ఛార్జింగ్ పోయే ఫోన్లు వస్తున్నాయి. కొత్త బ్యాటరీ వేసినా అంతే. ఎక్కడ మొదలుపెట్టాలి?
కరీంనగర్

జవాబు: హాట్ ఎయిర్ గన్ ముట్టకముందు డీసీ సప్లై (కావలసిన వోల్టేజీ ఇచ్చి, ఎంత కరెంటు లాగుతోందో చూపే పెట్టె) ముందు కూర్చో తమ్ముడూ.

బ్యాటరీ కనెక్టర్ పీకి, సప్లైని 4 వోల్టులకు పెట్టి, బోర్డుకు కలుపు. బ్యాటరీ ఐడీ, థర్మిస్టర్ (వేడి కొలిచే) పిన్ లేకుండా కొన్ని బోర్డులు ఆన్ కావు, అందుకని ఆ మోడల్‌కు తగిన బూట్ కేబుల్ వాడు. పవర్ బటన్ నొక్కకముందు మీటర్ సున్నా చూపాలి. వెంటనే ఒకటి రెండు ఆంపియర్లు లేస్తే ఫుల్ షార్ట్, అది ఆన్ కూడా కాదు. 20, 30, 50 మిల్లీ ఆంపియర్లు నిలకడగా చూపిస్తే అదే నువ్వడిగిన లీకేజ్. 30 అనుకో, రోజుకు 720 ఎంఏహెచ్, 5000 బ్యాటరీలో 14 శాతం. కస్టమర్ చెప్పేదానికి ఈ లెక్క సరిపోతుందో లేదో మొదట చూసుకో.

లీకేజ్ కనిపించగానే బోర్డు మీద పడకు. కింద ఛార్జింగ్ పోర్ట్ ఉన్న సబ్ బోర్డు ఫ్లెక్స్ (పలచటి రిబ్బన్ తీగ) పీకు, మీటర్ చూడు. తడి తగిలి పచ్చగా చిలుము పట్టిన పోర్టు తరచుగా దొరికే దొంగ. తర్వాత డిస్‌ప్లే, కెమెరా, సైడ్ కీ ఫ్లెక్సులు ఒక్కొక్కటి. ఏది పీకినప్పుడు సున్నాకు దిగిందో లోపం అక్కడే. అన్నీ పీకినా దిగకపోతే అప్పుడు మెయిన్ బోర్డులో బ్యాటరీ లైన్: ఛార్జింగ్ ఐసీ, నెట్‌వర్క్ పీఏ (సిగ్నల్ ఆంప్లిఫయర్) ఐసీలు, ఆ లైన్ మీది కెపాసిటర్లు. ఫుల్ షార్ట్‌లో అయితే రోజిన్ (టంకానికి వాడే బంక) పొగ పట్టిస్తే వేడెక్కిన భాగం మీద తెల్లటి పొర కరిగి కనిపిస్తుంది. 30 మిల్లీ ఆంపియర్లంటే పదో వంతు వాట్, రోజిన్ కరిగేంత వేడి రాదు. దానికి థర్మల్ కెమెరా కావాలి, లేదంటే అనుమానమున్న భాగాలు ఒక్కొక్కటి లేపి చూడాలి.

ఇంకో రకం ఉంది, దాన్ని దీనితో కలపకు. బటన్ నొక్కకముందు మీటర్ సున్నా, ఆన్ చేసి స్క్రీన్ ఆర్పాక మాత్రం 100, 150 దగ్గరే నిలబడుతుంది. ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి ఐదు నిమిషాలు ఆగు. మంచి ఫోన్ పదికి అటూ ఇటూ దిగి, అప్పుడప్పుడూ ఒక్క క్షణం లేచి మళ్లీ పడుతుంది. దిగనే దిగకపోతే అది సాఫ్ట్‌వేర్ నిద్రపోనివ్వకపోవడం. సేఫ్ మోడ్‌లో మళ్లీ చూడు, కస్టమర్‌ను అడిగి బ్యాకప్ తీసి రీసెట్ చెయ్యి. ఈ రకానికి బోర్డు వేడి చేసినా, ఐసీ మార్చినా మీటర్ అక్కడే ఉంటుంది, బోర్డు మాత్రం పోతుంది.